అమ్మాయి పరీక్ష, నాన్న పాఠం



2019లో అమెరికాలో మా అమ్మాయి పౌరసత్వ పరీక్షకు చదువుతుంటే, వంద ప్రశ్నలూ అడిగి అప్పజెప్పించుకునే పని నాకు పడింది. అక్కడి అంతర్యుద్ధానికి (1861–65) దారితీసిన ఒక కారణం చెప్పమంది పుస్తకం. బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు. ఏది చెప్పినా ఒప్పే.

"రాష్ట్రాల హక్కులంటాను నాన్నా" అంది.

చిత్తూరులో గుమాస్తాగా డిపార్టుమెంటు పరీక్షలు రాసిన నాకూ మార్కే ముఖ్యం. అయినా మనసొప్పలేదు. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు కోరిన హక్కు మనిషిని ఆస్తిగా ఉంచుకోవడమే కదా! "బానిసత్వమనే చెప్పమ్మా" అన్నాను. ఇంటర్వ్యూలో అదే చెప్పిందట.

ప్రమాణం చేయగానే, మన 1955 చట్టం ప్రకారం, భారత పౌరసత్వం పోయింది. జన్మస్థలం తిరుపతి అని ఉన్న పాస్‌పోర్టును రద్దుకు పంపే కవరుమీద, దస్తూరీ బాగుంటుందంటూ, చిరునామా నాచేత రాయించింది.