ప్రార్థనకు ఒరవడి



గ్రామములలో పెద్దలు కొందరు నాతో తరచుగా చెప్పెడి మాట యొకటి కలదు. "పంతులుగారూ, ప్రార్థన చేయుదమని కూర్చుందుము. ఇంటివారి క్షేమము, పైరు, అప్పు, ఒంటిలోని నొప్పి, ఈ నాలుగును చెప్పుకొనుసరికి మాటలు ముగియును. మరునాడును అవే నాలుగు. వినివిని దేవునికి విసుగు పుట్టదా?" అని. ఇట్లడుగువారు భక్తిహీనులు కారు. భక్తి లేనివానికి ఈ చింతయే కలుగదు. దేవునికి విసుగు పుట్టదు, పుట్టునది మనకే. మనకు విసుగు పుట్టిన పిమ్మట ప్రార్థన పొడిమాటల వరుస యగును, కొన్నాళ్లకు మానిపోవును. ఎన్నడు మానితిమో మనకే జ్ఞాపక ముండదు. ఇది చిన్న నష్టము కాదు. కనుక క్రైస్తవుడు తన ఏకాంతప్రార్థనకు వేదగ్రంథమును ఎట్లు మార్గదర్శిగా చేసికొనవచ్చునో, పూర్వులు ఎట్లు చేసికొనిరో, నేడు కొంచెము విన్నవింతును.

పూర్వము బడిలో గురువు పలక పైభాగమున ఒక పంక్తి వ్రాసి యిచ్చెడివాడు. దానికి ఒరవడి యని పేరు. శిష్యుడు దానిని చూచుచు క్రింద అదే పంక్తిని పదిమారులు వ్రాయును. మొదట ఆ వ్రాత గురువుదే. ఏండ్లు గడచిన పిమ్మట అది శిష్యుని సొంతమగును; కాగితము చూడగానే 'ఇది ఫలానావాని దస్తూరి' యని ఊరివారు గుర్తింతురు. ఒరవడి చూచి వ్రాసినందున వాని దస్తూరి పోలేదు. ఒరవడివలననే వచ్చినది.

ప్రార్థనకును ఇట్టి ఒరవడి కలదు. తమకు ప్రార్థన నేర్పుమని శిష్యులు యేసు నడిగిరని లూకా వ్రాసెను. వారు చిన్ననాటినుండి ప్రార్థన నెరిగిన యూదులు; అయినను అడిగిరి. ఆయన 'మీకు తోచినది చెప్పుకొనుడు' అని ఊరకుండక, మాటలే కూర్చి యిచ్చెను. ఆయన సంగతియు అట్టిదే. సిలువమీద ప్రాణము పోవు వేళ ఆయన నోట వెలువడిన మాటలలో ఒకటి 22వ కీర్తనలోనిది, మరియొకటి 31వ కీర్తనలోనిది. అంతటి వేదనలో క్రొత్తమాటలు వెదకికొనుటకు ఎవరికి శక్తి యుండును? ముందే నోటికి వచ్చియున్నది అప్పుడు అక్కరకు వచ్చును.

ఈ విషయమున నాకు మిక్కిలి నచ్చిన చిన్నపుస్తక మొకటి జర్మనీ దేశమున 1535వ సంవత్సరమున పుట్టినది. విట్టెన్‌బెర్గు పట్టణమున పేతురు అను క్షురకు డుండెను. అతడు మార్టిన్ లూథరునకు చిరకాలమిత్రుడు. సామాన్యుడు ఎట్లు ప్రార్థింపవలెనో చెప్పుమని అతడు కోరగా, లూథరు అతని పేరిటనే ఆ పుస్తకమును వ్రాసి అచ్చు వేయించెను. వ్రాసినవాడు మహాపండితుడు, అయినను అందు పాండిత్యప్రదర్శన మేమియు లేదు. తన మనస్సు ఇతర వ్యాపారములచేత చల్లబడినప్పుడు తాను కీర్తనల పుస్తకమును చేతబట్టి గదిలోనికి పోవుదుననియు, పది ఆజ్ఞలనో, క్రీస్తు మాటలనో, కీర్తననో చిన్నపిల్లలు వల్లించునట్లు తనలో తాను వల్లించుకొందుననియు వ్రాసెను. క్షురకునికి అర్థమగు ఉపమానము కూడ చెప్పెను. మంచి క్షురకుని దృష్టి కత్తిమీదను గడ్డముమీదను ఉండవలెను. కబుర్లు చెప్పుచు అటునిటు చూచెనా, ఎదుటివాని ముక్కో గొంతుకో తెగును. ప్రార్థించువాని మనస్సును అట్లే ఒకచోట నిలువవలెను.

నిలుచుట ఎట్లు? అందులకు లూథరు చూపిన ఉపాయము నాలుగు పేటల దండ. ఒక్కొక్క ఆజ్ఞను తీసికొని దానిని ఉపదేశముగా, కృతజ్ఞతగా, ఒప్పుకోలుగా, విన్నపముగా నాలుగు విధముల పేనవలెను. దొంగిలకూడదను ఆజ్ఞను మన ఊరికి అన్వయించి చూతము. ఉపదేశ మేమి? పొరుగువాని సొత్తు ముట్టవద్దనుట మాత్రమే కాదు, దానికి నష్టము రాకుండ కాపాడుమనుట కూడ. ఇక కృతజ్ఞత. నా గాదెలోని ధాన్యము తెల్లవారుసరికి నా గాదెలోనే యున్నదనగా, ఊరిలో ఎందరో ఈ ఆజ్ఞకు లోబడి నిద్రించిరని యర్థము. అందులకు ఎన్నడైన స్తోత్రము చెల్లించితిమా? ఒప్పుకోలు దగ్గర పెద్దలు కొంచెము నిలువవలెను. మనము కన్నము వేసినవారము కాము, నిజమే. దున్నునప్పుడు గట్టు జానెడు అవతలికి జరిగినదా? కూలివానికి కొలుచునప్పుడు కుంచము వెలితిపడినదా? రచ్చబండ దగ్గర కూర్చుండి, బంధువు గదా యని ఒకనివైపు మొగ్గి తగవు తీర్చితిమా? అదియు ఒకని సొత్తు మరియొకని కిచ్చుటయే గదా! పిమ్మట విన్నపము. ఇప్పుడు అడుగవలసినది మనకు వేరుగా వెదకికొన నక్కరలేదు. ఆ గట్టును యథాస్థానమునకు జరుపుటకు ధైర్య మిమ్మని అడుగుదుము.

నిన్న నాలుగు కోరికలతో ముగిసిన ప్రార్థన ఈ యొక్క ఆజ్ఞతో అరగంట సాగును. అయితే అన్నియు పూర్తిచేయవలెనని లెక్కపెట్టుకొనరాదనియు లూథరే హెచ్చరించెను. నడుమ ఒక తలంపు మనస్సును పట్టెనా, తక్కినవానిని విడిచి మౌనముగా దానినే వినవలెనట. పారాయణమునకును ప్రార్థనకును భేద మిక్కడ తెలియును. పారాయణము సంఖ్య పూర్తియగువరకు సాగును. ప్రార్థనలో మాట తగిలినచోట ఆగవలెను.

నేను వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను గనుక ఒక వ్యాకరణవిషయము మనవి చేయుటకు అనుజ్ఞ యిండు. 23వ కీర్తన మీలో అనేకులకు కంఠస్థము. దానికి ఆరు వచనములు. మొదటి మూటిలో దేవుడు ప్రథమపురుషములో నున్నాడు. ఆయన కాపరి, ఆయన పచ్చికలో పరుండజేయును, ఆయన త్రోవ చూపును. గాఢాంధకారపు లోయ వచ్చునది నాలుగవ వచనమున. అక్కడ చెప్పకుండ 'ఆయన' పోయి 'నీవు' వచ్చినది. వెలుతురున్నంతసేపు దేవునిగూర్చి మాటలాడినవాడు చీకటి పడగానే దేవునితో మాటలాడెను. ప్రథమపురుషము మధ్యమపురుష మగుటయే, నా యెరిగినంతలో, వేదపఠనము ప్రార్థన యగుట.

తెలుగువారికి ఇందొక సౌలభ్యము కలదు. ఊరికి వచ్చిన అధికారిని 'మీరు' అందుము. కన్నతల్లిని 'నీవు' అందుము. శతకకవులు తమ దైవమును నీవనియే పిలిచిరి. మన తెలుగు బైబిలును భక్తుని నోట దేవుని నీవనియే పలికించినది. గౌరవము తక్కువై కాదు, దూరము తక్కువై.

కనుక ఏ కథ చదివినను ఈ మార్పు చేసి చూడుడు. జక్కయ్య మేడిచెట్టెక్కిన కథను తీసికొందము. యేసు ఆ చెట్టుక్రింద నిలిచి అతనిని పేరుపెట్టి పిలిచెనని చదువుదుము. దానిని త్రిప్పి, 'ప్రభువా, నీవు చెట్టుక్రింద నిలిచి పిలిచితివి; నేను ఏ కొమ్మలచాటున కూర్చుండి చూచుచున్నానో నీవెరుగుదువు' అనిన చాలును. 'ఆయన' నీవైనట్లే 'అతడు' నేనైనాడు. మూడు పురుషములును తమతమ స్థానములకు వచ్చినవి.

దానియేలు చేసిన దిదియే. యెరూషలేము పాడుగా నుండవలసిన కాలము 70 సంవత్సరములని యిర్మీయా గ్రంథమున అతడు చదివెను. మనమైతే వ్రేళ్లమీద లెక్కవేసి, ఇక మంచి దినములు వచ్చునని కాలుచాపి కూర్చుందుము. అతడు ఉపవాసముండి ప్రార్థనకు పూనుకొనెను. పితరులు చేసిన తప్పులను 'మేము' అని తనమీద వేసికొని ఒప్పుకొనెను. ఆదిసంఘమును అంతే. పేతురు యోహానులు అధికారులచేత బెదిరింపబడి విడుదలయై వచ్చినప్పుడు విశ్వాసులందరు కలిసి చేసిన ప్రార్థన అపొస్తలుల కార్యముల నాలుగవ అధ్యాయమున నున్నది. వారు 2వ కీర్తనను ఎత్తుకొని, అందలి రాజులు హేరోదు, పొంతి పిలాతులే యని తమ కాలమునకు అన్వయించుకొనిరి. అటుపిమ్మట బెదిరించినవారి నాశనమును కోరలేదు. బెదరక మాటలాడు ధైర్యమును కోరిరి. అడుగదగిన దేదో ఆ కీర్తనయే వారికి తేల్చి చెప్పినది.

కన్నులు మూసికొని గ్రంథము తెరచి, వ్రేలు పడిన వచనమును దేవుని ఉత్తరువుగా గైకొనువారును కలరు. పెండ్లిసంబంధమునకు ఒక వచనము, వ్యాజ్యమునకు ఒక వచనము. ఇది శకునము చూచుటయే గాని ప్రార్థన కాదు. పద్యములో ఒక పాదము పీకి దానికే అన్వయము చెప్పిన పిల్లవానికి మేము మార్కు లిచ్చెడివారము కాము. ముందువెనుకలు చదువనివానికి అర్థము చిక్కదు. అర్థము చిక్కనివాడు దేవుని మాటకు ఏమి బదులు చెప్పగలడు?

శత్రువులను శపించు కీర్తనల సంగతి యేమని మీరడుగవచ్చును. 109వ కీర్తన, 137వ కీర్తన చదువ మనసొప్పదు. వానిని తప్పించి చదువు మనువారును కలరు. నే నట్లు చెప్పను. న్యాయాధిపతి యొద్ద ఫిర్యాదు దాఖలు చేసినవాడు కఱ్ఱ యెత్తడని పెద్దలకు తెలియనిది కాదు. ఆ కోపము మన కడుపులోను కలదు. అది దేవుని యెదుట వెళ్లగ్రక్కబడుట మేలు. ఇంటిలో వెళ్లగ్రక్కబడుట కీడు.

ఇచ్చట ఆ క్షురకుడు పేతురు కథలో మిగిలిన భాగము చెప్పక తప్పదు. పుస్తకము వచ్చిన 1535వ సంవత్సరముననే, ఈస్టరు పండుగ దినములలో, భోజనపు బల్లయొద్ద అతడు తన అల్లుని కత్తితో పొడిచి చంపెను. లూథరు మొదలగువారు వేడుకొనగా మరణదండన తప్పినది. దేశబహిష్కృతుడై దెస్సౌ పట్టణమునకు పోవలసి వచ్చెను. అతనికొరకై వ్రాసిన ఆ పుస్తకములో, నరహత్య చేయకూడదను ఆజ్ఞను ఎట్లు ప్రార్థింపవలెనో కూడ వ్రాసియే యున్నది. ఈ సంగతి దాచి కథ చెప్పుట సులభము; పెద్దలకు చెప్పునప్పుడు దాచరాదు. ఒరవడి యిచ్చినంతమాత్రమున వ్రాత కుదురదు, ప్రతిదినము దిద్దవలెను. అయినను పేతురు వంటివానికి సయితము వేదగ్రంథము మాటలు లేకుండ చేయలేదు. 51వ కీర్తన శీర్షిక చూడుడు. ఊరియాను చంపించిన దావీదు నాతాను ప్రవక్తచేత గద్దింపబడిన పిమ్మట పలికినదని అందున్నది. హంతకుడు పట్టుకొనదగిన ప్రార్థన కూడ ఆ గ్రంథములో నుంచబడినది.

ఇక చదువు రానివారి మాట. వారు దీనికి అనర్హులని యెవ్వరును తలంపవలదు. మనుమడు ఒక వచనము చదివి వినిపించును. అవ్వ దానిని తన మాటలలో 'నీవు' అని త్రిప్పి దేవునితో చెప్పుకొనును. మనుమనికి చదువు వచ్చును, అవ్వకు ప్రార్థన వచ్చును. మొదలుపెట్టగోరువారికి 13వ కీర్తన అనుకూలము. ఆరే వచనములు, ఇంకెన్నాళ్లను ప్రశ్న అందు నాలుగు మారులు వినబడును. దీర్ఘవ్యాధిలో నున్నవారికి ఆ నాలుగింటిలో ఒక్కటియైనను తమదిగా తోచకపోదు. దుఃఖము మరియు ముదిరినవారు 88వ కీర్తన తీయుడు. అది చీకటితోనే ముగియును. ఓదార్పుమాట చివర నతికింపబడలేదు. ఓదార్పు రాకముందే ప్రార్థింపవచ్చునని ఆ కీర్తనవలన తెలియుచున్నది. రాత్రి దీపము తగ్గించుటకు ముందు ఒక్క వచనము చాలును. అది మనస్సులో నుండగా నిద్ర వచ్చినను దోషము లేదు.