చొక్కా ధర, కంపెనీ ధర



ఈనాటి ప్రసంగాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. అది నా ప్రశ్న కాదు, మా డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిది. రోజూ పది కిలోమీటర్లు సైకిలు తొక్కి కాలేజీకి వచ్చే కుర్రవాడు. ఒకరోజు ప్రాక్టికల్స్ అయిపోయాక నా దగ్గరకు వచ్చి, ఫోనులో ఒక సైకిలు చొక్కా బొమ్మ చూపించాడు. “మాస్టారూ, మాతో ఆదివారాలు సైకిలు తొక్కే ఒకతను దీన్ని విదేశం నుంచి తెప్పించుకున్నాడు. దీని ధర నా సైకిలు ధర కంటే ఎక్కువ. వాయిదాల మీద నేనూ తెప్పించుకుందామనుకుంటున్నాను. ఇది వేసుకుంటే నిజంగా అంత తేడా ఉంటుందా?” అని అడిగాడు.

ఆ చొక్కా మీద ఉన్న పేరు రఫా. లండన్‌లో పుట్టిన కంపెనీ. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ముందుగా చొక్కా సంగతి చూద్దాం. ఆ తర్వాత కంపెనీ సంగతి చూద్దాం. రెండింటికీ ధర ఉంది. రెండు ధరల్లోనూ తూకానికి అందేది కొంత, అందనిది కొంత ఉన్నాయి.

సైకిలు తొక్కే మనిషి ఒక యంత్రం అనుకోండి. మన కండరాల దక్షత సుమారు 25 శాతం. అంటే పెడల్ మీద 200 వాట్ల సామర్థ్యం చూపించాలంటే శరీరం 800 వాట్లు ఖర్చు పెట్టాలి. మిగిలిన 600 వాట్లు వేడిగా మారుతాయి. ఆ వేడి బయటకు పోకపోతే మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. గంటకు 3,600 సెకన్లు. 600 వాట్ల చొప్పున గంటకు 21 లక్షల 60 వేల జౌళ్ల వేడి. చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్లు కావాలి. భాగిస్తే 900 గ్రాములు వస్తుంది. వేడంతా చెమట ద్వారానే పోవాలంటే గంటకు సుమారు లీటరు చెమట ఆవిరి కావాలన్నమాట. చెమట పట్టినంత మాత్రాన చాలదు, అది ఆవిరి కావాలి. కారిపోయిన చెమట వల్ల చల్లదనం రాదు.

ఇక్కడే బట్టకు పని ఉంది. నూలుపోగు నీటిని తనలోకి పీల్చుకుని పట్టి ఉంచుతుంది. తడిసిన నూలు చొక్కా బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది. పాలిస్టర్ పోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు. కాని పోగుల మధ్య ఉన్న సన్నని సందుల గుండా, కేశనాళికీయత వల్ల, చెమట బట్ట పైకి పాకి త్వరగా ఆరుతుంది. మెరినో జాతి గొర్రెల ఉన్ని ఇంకో రకం. అది తన బరువులో సుమారు మూడో వంతు తేమను లోపల దాచుకుని కూడా తడిగా అనిపించదు. రఫా మొదటగా అమ్మిన చొక్కా మెరినో ఉన్ని, పాలిస్టర్ కలిపిన బట్టతో చేసినదే. కాబట్టి ఆ బట్టలో శాస్త్రం ఉంది. మోసం లేదు.

రెండో విషయం గాలి నిరోధం. ఇది వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 40కి పెరిగితే గాలి నిరోధం 4 రెట్లు, కావలసిన సామర్థ్యం 8 రెట్లు అవుతాయి. పందెంలో 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి రెపరెపలాడే చొక్కా పెద్ద భారమే. ఒంటికి అతుక్కునే చొక్కా వల్ల అతనికి లాభం ఉంది. కాని భుజాన సంచీ తగిలించుకుని 15 కిలోమీటర్ల వేగంతో కాలేజీకి వచ్చే మీకు? మీ వేగంలో గాలి కంటే గాలి తగ్గిన టైరే ఎక్కువ బరువు లాగిస్తుంది.

సరే, చొక్కా చేసే పని తెలిసింది. ఇదే పని చేసే పాలిస్టర్ చొక్కాలు మన ఆటవస్తువుల దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. రఫా చొక్కా ధర చాలా సందర్భాల్లో 100 పౌండ్లు దాటుతుంది. అంటే మన డబ్బులో పది వేల పైమాటే. కుట్టు, కొలత, మన్నిక వీటికి కొంత ఇవ్వవచ్చు. అవన్నీ తీసేసినా ఇంకా చాలా మిగులుతుంది. ఆ మిగిలినది దేని ధర?

దీనికి జవాబు కంపెనీ చరిత్రలో ఉంది. రఫాను 2004లో సైమన్ మాట్రమ్, ల్యూక్ షైబెలర్ అనే ఇద్దరు ప్రారంభించారు. మాట్రమ్ చదివింది అకౌంటెన్సీ, పనిచేసింది బ్రాండ్లకు సలహాలిచ్చే రంగంలో. రఫా అనే పేరు కూడా వాళ్ళు కొత్తగా పుట్టించినది కాదు. 1950లు, 60లలో ఫ్రాన్స్‌లో సెయింట్ రఫాయెల్ అనే మద్యం కంపెనీ డబ్బుతో నడిచిన ఒక సైకిలు జట్టు ఉండేది. ఆ జట్టు ముద్దుపేరే రఫా. ఐదుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన జాక్ ఆంక్వెటిల్ ఆ జట్టులో తొక్కినవాడు. కొత్త కంపెనీ పేరుతో పాటు ఆనాటి వీరుల జ్ఞాపకాన్ని కూడా అరువు తెచ్చుకుంది. పాత ఛాయాచిత్రాలు, కొండదారులు, కష్టానికి ఓర్చుకునే మనిషి, ఇవన్నీ దాని ప్రకటనల్లో కనిపించేవి. ఆ తర్వాత లండన్, న్యూయార్క్, టోక్యో వంటి నగరాల్లో కాఫీ తాగుతూ పందేలు చూసే క్లబ్బులు పెట్టింది. వాటికి సభ్యత్వం కూడా పెట్టింది. 2013 నుంచి 2016 దాకా టీమ్ స్కై జట్టుకు దుస్తులు ఇచ్చింది. ఆ నాలుగేళ్ళలో మూడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన క్రిస్ ఫ్రూమ్ ఆ జట్టువాడే.

చొక్కా కొన్నవాడు బట్టతో పాటు ‘నేనూ వాళ్ళలో ఒకణ్ణి’ అన్న భావం కొన్నాడు. మిగిలిన ధర దానిది.

ఇప్పుడు కంపెనీ ధరకు వద్దాం. 2017 ఆగస్టులో రఫాను ఆర్‌జెడ్‌సి ఇన్వెస్ట్‌మెంట్స్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ కొన్నది. పత్రికల్లో వచ్చిన ధర సుమారు 20 కోట్ల పౌండ్లు. ఆనాటి మారకం లెక్కన 1,600 కోట్ల రూపాయల పైమాట. ఆ రోజుల్లో కంపెనీ ఏడాది అమ్మకాలు 6 కోట్ల పౌండ్లకు కొంత పైన. అంటే ఏడాది అమ్మకాలకు దాదాపు మూడు రెట్లు ఇచ్చారు.

కొన్నవారు స్టువర్ట్ వాల్టన్, టామ్ వాల్టన్ అనే అన్నదమ్ములు. వాళ్ళ తాత శామ్ వాల్టన్. 1962లో అమెరికాలోని ఆర్కెన్సా రాష్ట్రంలో మొదటి వాల్‌మార్ట్ దుకాణం తెరిచినది ఆయనే. పక్క దుకాణం కంటే తక్కువ ధరకు అమ్మడమే ఆయన వ్యాపార సూత్రం. తాత చౌకగా అమ్మి కూడబెట్టిన సంపదలోంచి మనుమలు ఖరీదైన చొక్కాల కంపెనీ కొన్నారు. మనుమలిద్దరికీ సైకిలు మీద ఇష్టం ఉంది. వాళ్ళ ఊరు బెంటన్‌విల్ చుట్టూ అడవి దారుల్లో సైకిలు బాటలు వేయడానికి వాల్టన్ కుటుంబపు ధర్మసంస్థ డబ్బు పెట్టింది. కంపెనీని కొన్నాక దాని అమెరికా కార్యాలయం కూడా ఆ ఊరికే చేరింది.

ఇంత డబ్బు దేనికి ఇచ్చారు? మీలో కామర్స్ చదివేవారికి జవాబు తెలుసు. మిగతావారికి మన వీధి టిఫిను హోటలు ఉదాహరణగా చెబుతాను. పొయ్యిలు, బల్లలు, గిన్నెలు అన్నీ కలిపి 3 లక్షలు చేస్తాయనుకోండి. యజమాని 10 లక్షలు అడుగుతాడు. మిగతా 7 లక్షలు దేనికయ్యా అంటే, “రోజూ పొద్దున్నే వచ్చే 200 మంది కోసం” అంటాడు. ఆ 7 లక్షలనే లెక్కల పుస్తకంలో గుడ్‌విల్ అని రాస్తారు.

ఇది ఆస్తే. కాని చిత్రమైన ఆస్తి. పొయ్యికి తాళం వేసుకోవచ్చు. 200 మంది మనసుకు తాళం వేయలేం. చట్నీ రుచి మారితే వారంలో సగం మంది ఎదురు హోటలుకు పోతారు.

రఫా విషయంలోనూ ఈ కష్టమే ఎదురైంది. కొనుగోలు తర్వాత కంపెనీ వరుసగా కొన్నేళ్ళు నష్టాలే చూపించింది. 2020లో కోవిడ్ వచ్చాక సైకిళ్ళ గిరాకీ పెరిగి, ఆ తర్వాత పడిపోయింది. ఆ రంగంలో చాలా కంపెనీల దగ్గర సరుకు పేరుకుపోయింది, తగ్గింపు ధరలకు అమ్ముకోవలసి వచ్చింది. ఖరీదే గొప్పగా చూపుకునే వస్తువును తగ్గింపు ధరకు అమ్మితే, మొదట పూర్తి ధర ఇచ్చినవాడి మనసు చివుక్కుమంటుంది. స్థాపకుడు మాట్రమ్ 2021లో ప్రధాన కార్యనిర్వహణాధికారి పదవి నుంచి తప్పుకున్నారు. మరోవైపు 2019లో కంపెనీ పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడి, పిల్లలను, యువకులను సైకిలు క్రీడలోకి తెచ్చే సంస్థలకు సాయం చేస్తోంది. కాబట్టి ధనవంతులు కొన్నారు కనుక అంతా చెడిందని గాని, అంతా బాగుపడిందని గాని ఒక్క మాటలో తేల్చడం సరికాదు.

ఇదంతా ఎక్కడో లండన్‌లోనూ ఆర్కెన్సాలోనూ జరిగింది, మనకెందుకని అనుకోకండి. 2018లో వాల్‌మార్ట్ కంపెనీ 1,600 కోట్ల డాలర్లు ఇచ్చి మన ఫ్లిప్‌కార్ట్‌లో సుమారు 77 శాతం వాటా కొన్నది. రఫాను కొన్నది వాల్టన్ అన్నదమ్ముల సొంత పెట్టుబడి సంస్థ, ఫ్లిప్‌కార్ట్‌ను కొన్నది వాల్‌మార్ట్ కంపెనీ. ఈ తేడా గుర్తుంచుకోండి. అప్పటికి ఫ్లిప్‌కార్ట్ కూడా నష్టాల్లోనే ఉంది. గిడ్డంగులకే అంత ధర రాదు. ఆ ధరలో పెద్ద భాగం అందులో కొనడానికి అలవాటుపడిన మనందరిది. మన అలవాటు ఎవరి ఖాతాలోనో ఆస్తిగా ఉంది. అది మనకు తెలిసి ఉండాలి.

అందుకే ఏదైనా ఖరీదైన వస్తువు చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది చేసే పనిలో నేను కొలవగలిగినది ఎంత? మిగిలిన ధర ఏ కథకు ఇస్తున్నాను? ఆ కథ నాకు అంత అవసరమా, అప్పు చేసేంత అవసరమా? కథకు డబ్బు ఇవ్వడం తప్పని నేననను. పండగకు కొత్త బట్టలు కట్టుకోవడం వెచ్చదనం కోసం కాదుగదా! కాని ఇస్తున్నది కథకని తెలిసి ఇవ్వాలి.

మా విద్యార్థికి నేను జవాబు చెప్పలేదు. ఒక ప్రయోగం చెప్పాను. ఒకే కొలతలో రెండు గుడ్డముక్కలు, ఒకటి నూలు, ఒకటి పాత ఆటల చొక్కాలోంచి కత్తిరించిన పాలిస్టర్. రెండింటినీ తడిపి, పిండి, ఫ్యాను కింద ఆరవేసి, పది నిమిషాలకొకసారి మా ల్యాబ్ త్రాసులో తూచమన్నాను. గ్రాఫు గీసుకుని వచ్చాడు. నూలు ఎక్కువ నీరు పట్టింది, ఆరడానికి ఎక్కువసేపు తీసుకుంది. పాలిస్టర్ గీత త్వరగా కిందికి దిగింది.

ఆ నెలాఖరున అతను బజారులో ఒక మామూలు పాలిస్టర్ చొక్కా కొన్నాడు. సైకిలుకు కొత్త టైర్లు రెండు వేయించాడు. వాయిదాల మాట మళ్ళీ ఎత్తలేదు. “ఆ చొక్కా ఇంకా బాగుంటుంది మాస్టారూ” అని మాత్రం అన్నాడు. బాగుంటుంది, కాదనలేదు. ఉద్యోగం వచ్చాక, తన డబ్బుతో, తెలిసి కొనుక్కుంటే నేనూ సంతోషిస్తాను.

మీరూ ఈ ప్రయోగం చేసి చూడండి. గుడ్డ, నీరు, త్రాసు ఉంటే చాలు. సెలవు.