తరువాతి అలీ ఎవరు?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల ఒక సాయంత్రం సంఘం గదిలో స్కాలర్‌షిప్పు దరఖాస్తులు సరిచూసుకుంటూ కూర్చున్నాం. పక్కగదిలో పెద్ద రభస. ఏ కొంప మునిగిందోనని వెళ్లి చూస్తే మన కుర్రవాళ్లే! బాక్సింగులో ఇక ముందు రాజ్యమేలేది ఎవరన్నది తగాదా. ఒకడు మోజెస్ ఇటౌమా అంటాడు. ఇంకొకడు ఉసిక్‌ను మించినవాడు లేడంటాడు. "చాచా, మీరు చెప్పండి, తరువాతి అలీ ఎవరు?" అని మమ్మల్ని నిలదీశారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాం. కాని వాళ్లలో ఒకడు చదువు మానేసి బాక్సింగులోకే దిగుతానని ఇంట్లో పట్టుబట్టి కూర్చున్నాడని తరువాత తెలిసింది. కనుక ఇది ఉబుసుపోక కబురు కాదు. ఆ బాకీ ఇవాళ తీరుస్తాం.

ముందు ఒక సంగతి. ఈ ప్రశ్నకు పండితులు చెప్పిన జవాబులు చాలాసార్లు తప్పాయి. 1964 ఫిబ్రవరిలో మయామీ బీచిలో 22 ఏళ్ల కాషియస్ క్లే సోనీ లిస్టన్ ముందు నిలబడ్డప్పుడు పందేలు ఏడుకు ఒకటిగా లిస్టన్ మీదే ఉన్నాయి. పత్రికలవాళ్లలో ఎక్కువమంది ఆ కుర్రవాణ్ణి వాచాలుడనే తీసిపారేశారు. ఆరు రౌండ్లయ్యాక లిస్టన్ స్టూలు మీదినుంచి లేవనే లేదు. ఆ కుర్రవాడే మహమ్మద్ అలీ అయ్యాడు.

1973లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో జో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు పడగొట్టాడు. ఇక పదేళ్లు వీడిదే అన్నారందరూ. పదేళ్లు కాదు కదా, రెండేళ్లు కూడా నిండలేదు. 1974 అక్టోబరులో కిన్షాసాలో ఎనిమిదో రౌండులో అలీ అతణ్ణి పడగొట్టాడు. విచిత్రమేమంటే, అదే ఫోర్‌మన్ 1994లో తన 45వ ఏట మళ్లీ చాంపియన్ అయ్యాడు!

అలీ వయసు మళ్లాక వారసుడి కోసం వెతుకులాట మొదలైంది. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ అలీని ఓడించాడు. డబ్బు పుచ్చుకుని ఆడడం మొదలుపెట్టాక అతనికది ఎనిమిదో పోరాటమే. దొరికాడు వారసుడు అన్నారు. ఏడు నెలలకే అలీ ఆ బెల్టు తిరిగి తీసుకున్నాడు. ఆ హడావిడిలో లారీ హోమ్స్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఈయన ఎవరనుకున్నారు? అలీకి సాధనలో ఎదురు నిలబడి దెబ్బలు కాచుకున్న కూలి మనిషి! 1978 జూన్‌లో 15 రౌండ్లు పోరాడి కెన్ నార్టన్ దగ్గర టైటిల్ గెలిచాడు. 1985 దాకా ఓటమి ఎరగడు. చిరంజీవి వారసుడు గురువు పక్కనే చెమటోడుస్తూ ఉంటే, లోకం దూరంగా చూస్తూ కూర్చుంది.

మైక్ టైసన్ మాటో? 1986లో 20 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్. అంత చిన్నవయసులో ఆ పట్టం ఇంకెవరికీ దక్కలేదు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో, గెలుస్తాడని ఎవరూ అనుకోని బస్టర్ డగ్లస్ చేతిలో ఓడాడు. ఎనిమిదో రౌండులో డగ్లస్ కిందపడ్డాడు, లేచాడు. పదో రౌండులో టైసన్ పడ్డాడు, లేవలేకపోయాడు.

మనమెక్కడ పొరబడుతున్నామంటే, నాకౌట్ల లెక్క చూసి మురిసిపోతాం. ఎవరిమీద ఆ నాకౌట్లు అని అడగం. పైకి తేవాలనుకున్న కుర్రవాడికి మొదట్లో ఎదుటివాణ్ణి ఏరికోరి తెచ్చిపెడతారు. అది ఈ వ్యాపారంలో మామూలే. అందుచేత గెలుపుల పట్టిక సగమే చెబుతుంది. అలసిపోయాక కాళ్లు కదులుతాయా? దెబ్బ తిన్నాక బుద్ధి పనిచేస్తుందా? ఆ మిగతా సగం అక్కడ ఉంటుంది.

ఇప్పుడు మన కుర్రవాళ్ల తగాదాకు వద్దాం. ఇటౌమా 2004లో స్లొవేకియాలో పుట్టి ఇంగ్లండులో పెరిగాడు. 2025 ఆగస్టులో రియాద్‌లో డిలియన్ వైట్‌ను మొదటి రౌండులోనే ముగించాడు. ఆనాటికి 13 పోరాటాలు, 13 గెలుపులు, 11 నాకౌట్లు. ఎడమచేతివాటం, మెరుపు వేగం. ఇంత ఉన్నా, 12 రౌండ్లు చివరిదాకా నిలబడ్డ అనుభవం అప్పటికి లేదు. ఎదుటివాడు నిలబడనిస్తే గదా! అది అతని తప్పు కాదు, కాని పరీక్ష మిగిలే ఉంది.

ఉక్రెయిన్ వాడు ఒలెక్సాండర్ ఉసిక్ సంగతి వేరు. 2008 ఒలింపిక్సులో క్వార్టర్ ఫైనల్లోనే ఓడి ఇంటికెళ్లాడు. 2012లో స్వర్ణం తెచ్చాడు. కింది బరువులో అన్ని బెల్టులూ గెలిచి, 2024 మేలో రియాద్‌లో తనకంటే ఎంతో భారీ మనిషి టైసన్ ఫ్యూరీని ఓడించి హెవీవెయిట్‌లో నాలుగు సంస్థల బెల్టులూ కట్టుకున్నాడు. అప్పటికి 37 ఏళ్లు. టెరెన్స్ క్రాఫర్డ్ కూడా 2025 సెప్టెంబరులో కానెలో అల్వారెజ్‌ను ఓడించేనాటికి 37 ఏళ్లవాడే.

కాబట్టి మా జవాబు వినండి. ఇటౌమాకు అవకాశం ఉంది, పట్టం మాత్రం ఇప్పుడే కట్టకండి. అతడు అలసి, దెబ్బతిని, లేచి నిలిచిన రోజున చెబుదాం.

తొందరపడి కట్టే పట్టం బరువు మోసేది మనం కాదు కదండీ. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో 14వ రౌండులో పడిపోయిన కొరియా వాడు డక్ కూ కిమ్ మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ తరువాతే టైటిల్ పోరాటాలు 15 రౌండ్లనుంచి 12కు తగ్గడం మొదలైంది. అంతటి అలీకే 1984లో పార్కిన్సన్ జబ్బని వైద్యులు తేల్చారు. ఈ ఆటలో పొగడ్త నమ్మి ముందే దూకినవాడు తలతో వెల చెల్లిస్తాడు.

మన నిజామాబాద్ ఆడపిల్ల నిఖత్ జరీన్‌ను చూడండి. 2011లోనే జూనియర్ ప్రపంచ స్వర్ణం తెచ్చింది. తరువాత 2017లో భుజం గాయం, 2019లో మేరీ కోమ్ చేతిలో సెలెక్షను పోటీలో ఓటమి. సీనియర్ ప్రపంచ స్వర్ణం వచ్చింది 2022లో, ఇస్తాంబుల్‌లో. నడుమ 11 ఏళ్లు! 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. 2024లో పారిస్‌లో ఓడింది. ఆ నడుమ సంవత్సరాల్లో చప్పట్లు కొట్టినవాళ్లు ఎందరు చెప్పండి?

బేటా, చదువు మానేస్తానన్నది నువ్వే. నువ్వు ఈ సభలోనే ఉన్నావు, పేరు చెప్పంలే. పొద్దున్నే లేచి పరుగెత్తు, గ్లవ్స్ తొడుగు, మేం వద్దనం. కాలేజీ మాత్రం మానకు. పదేళ్ల పని పెట్టుకున్నవాడికి రెండేళ్ల చదువు అడ్డం కాదు. మీ నాన్నగారికి కూడా మా మనవి: అబ్బాయిని కసరకండి, ఒకరోజు వెళ్లి వాడి సాధన చూసిరండి.

తరువాతి అలీ ఎవరో మాకు తెలియదు, పిల్లలూ. వాడు ఎక్కడో ఎవరో పెద్దవాడి ఎదుట దెబ్బలు కాచుకుంటూ ఉంటాడని మాత్రం అనుకుంటున్నాం. సెలవు.