చిన్న గొంతు గల యంత్రములు

దూరముననున్న కేంద్రపు పలుకు మన యింటికి చేరుటకు ప్రసార స్తంభము కిలోవాట్ల శక్తిని వెచ్చించును. తన శక్తిని తానే మోసికొని తిరుగు యంత్రమున కంతటి స్థోమత యుండదు.

2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహముపై తొలిసారి ఎగిరిన ఇన్‌జెన్యూయిటీ హెలికాప్టరునే చూతము. దాని బరువు 1.8 కిలోగ్రాములు. సూర్యరశ్మి వలన బ్యాటరీలో చేరిన శక్తిలో అధికభాగము రాత్రి చలినుండి యంత్రమును కాపాడుటకే వ్యయమయ్యెడిది. కనుక ఇండ్లలో దీపములను దూరమునుండి వెలిగించుటకు వాడు జిగ్‌బీ రేడియో వంటి చిన్న సాధనమునే దాని కమర్చిరి. ఆ పలుకును సమీపమున సంచరించు పర్సివరెన్స్ రోవరు విని భూమికి చేరవేయవలెను. భూమినుండి ఆజ్ఞ చేరుటకు నిమిషములు పట్టును గనుక, గాలిలో నున్నంతసేపు తన దారిని తానే చూచుకొనవలెను.

2023 ఏప్రిల్ 26న, 52వ ప్రయాణమున, అది నేలకు దిగుచుండగా నడుమ గుట్ట అడ్డమై పలుకు ఆగిపోయినది. ఇట్లు జరుగవచ్చునని శాస్త్రజ్ఞులు ముందే తలచిరి. అయినను 63 దినములు నిరీక్షింపవలసి వచ్చినది. జూన్ 28న రోవరు గుట్ట నెక్కగానే మరల మాట వినవచ్చినది. హెలికాప్టరు క్షేమముగనే దిగియుండెను. 2024 జనవరి 18న జరిగిన చివరి ప్రయాణముతో అది మొత్తము 72 మారులు ఎగిరినది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దిది: బిగ్గరగా పలుకలేని యంత్రమునకు రెండు కావలెను. ఆజ్ఞ అందకున్నను కర్తవ్యమును నెరవేర్చుకొను నేర్పు ఒకటి. తన మెల్లని మాట నందుకొను పొరుగు మరొకటి. ఈ రెండును సమకూడినచో చిన్న గొంతుతోనే పెద్ద పని సాధింపవచ్చును.