జర్మను క్రియ – దాని తోడుమాట

పరభాష నేర్చువారిని పెద్దమాటల కంటె చిన్నమాటలే ఎక్కువగా చిక్కుపెట్టును. జర్మను భాషలో క్రియలను విడువక వచ్చు ప్రిపోజిషన్లు అట్టివి. మన విభక్తి ప్రత్యయములు నామమునకు వెనుక చేరును. ఇవి ముందు నిలుచును. చోటు వేరైనను చేయు పని యొక్కటియే.

భయహేతువునకు ‘వలన’ రావలెనని చిన్నయసూరి బాలవ్యాకరణమున విధించెను. కావున మనము ‘పులివలన భయము’ అందుము. జర్మనులు ఇచట ‘ఫోర్’ వాడుదురు; దాని మొదటి యర్థము ‘ఎదుట’. ‘వార్టెన్’ అనగా వేచియుండుట. మనము బస్సుకొరకు వేచియుందుము. వారు ‘ఔఫ్’, అనగా బస్సు ‘మీద’ వేచియుందురు. కోపమునకు మాత్రము మనవలెనే వారును ‘మీద’ అనియే యందురు.

కనుక మాటకు మాట మార్చినచో పొరపాటు తప్పదు. ఒక్కొక్కప్పుడు అర్థమే మారిపోవును. ‘జిష్ ఫ్రోయెన్’ అనగా సంతోషించుట. దీనికి ‘యూబర్’ చేర్చినచో అందిన జాబును గూర్చిన సంతోషము. ‘ఔఫ్’ చేర్చినచో రాబోవు జాబునకై సంతోషముతో ఎదురుచూచుట. అందిన జాబునకు ‘ఔఫ్’ అని బదులు వ్రాసినచో, పంపినవారు అది యింకను చేరలేదని తలంతురు. అట్లే పరీక్షను ‘బెష్టేయెన్’ అనగా ఉత్తీర్ణత పొందుట. ‘ఔస్’ చేరినచో ఫలానా వానితో కూడియుండుట. ‘ఔఫ్’ చేరినచో పట్టుపట్టుట.

ఇంతటితో ముగియలేదు. స్థలమును చెప్పునపుడు ‘ఔఫ్’ తరువాత ఉనికికి చతుర్థియు, గమనమునకు ద్వితీయయు వచ్చును. వేచియుండుటలో కదలిక లేకున్నను ‘వార్టెన్ ఔఫ్’ నకు ద్వితీయయే. పట్టుపట్టుటకు చతుర్థి. ఇది ఊహకు అందునది కాదు, క్రియతోపాటు నేర్వవలసినదే.

ప్రశ్నించునపుడు మనుష్యులకు ‘ఔఫ్ వేన్’, వస్తువులకు ‘వోరౌఫ్’ అందురు. ‘ఎవరికొరకు’, ‘దేనికొరకు’ అను మనకు ఈ భేదము క్రొత్త కాదు.

పట్టికలు వల్లించుటకంటె క్రియకొక చిన్న వాక్యము నేర్చుట మేలు. ‘ఇష్ వార్టె ఔఫ్ డేన్ బుస్’ – నేను బస్సుకొరకు వేచియున్నాను. క్రియ, ప్రిపోజిషన్, విభక్తి మూడును ఇందు గలవు. వాక్యమునకు పుంలింగ నామమునే ఎన్నుకొనవలెను. తక్కిన లింగములలో ప్రథమకును ద్వితీయకును రూపభేదము కానరాదు.

దినమునకు మూడు వాక్యములు పైకి చదివినచో నెలకు తొంబది క్రియలు నోట నిలుచును. మన పిల్లలు వ్యాకరణము చదివి ‘నామీద కోపమా?’ అని అడుగుట లేదు, విని నేర్చినారు. మనమును ముందు చెవికే పని చెప్పుదము.