పటాలం తుపాకీ - పౌరుల తుపాకీ
(ఓర్వకల్లు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను మాటలు మానేసి తుపాకుల గొడవేమిటని అనుకోకండి. నేను సర్వీసులో కొన్నాళ్లు ఆయుధ లైసెన్సుల సీటు చూసినవాణ్ణి. పైగా 2025 ఏప్రిల్‌లో మన పక్కనున్న డి.ఆర్.డి.ఓ. రేంజిలో లేజరు ఆయుధాన్ని పరీక్షించినప్పటినుంచి మా ఇంట్లో కుర్రవాళ్లకు ఇదే ముచ్చట. మా మనవడు "తాతా, మిలిటరీ స్నైపర్ రైఫిలు లాంటిది లేతు మిషను మీద చేయిద్దామా?" అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అలాంటి నకలును సర్కారే ఎన్నడో చేసింది. బ్రిటిషువారి కాలంలో పటాలానికి .303 లీ-ఎన్‌ఫీల్డు ఉండేది. ఆ గుండు పౌరులకు దక్కరాదని నిషేధం. అందుకని అదే యంత్రానికి .315 గొట్టం వేసి వేటకు, ఆత్మరక్షణకు అమ్మారు. బెంగాలులోని ఈషాపూర్ ఫ్యాక్టరీ తయారుచేసిన రైఫిలు ఇదే. పటాలం దాంట్లో పది గుళ్లు పడితే దీంట్లో అయిదే. మా రిజిస్టర్లలో ఆ ".315" అంకె ఎన్నిసార్లు రాశానో!

ఇక స్నైపర్ రైఫిలంటే వేరే జాతి తుపాకీ అనుకుంటాం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిషువారు నెం.4 రైఫిళ్లలో గురి బాగా కుదిరినవి ఏరి, వాటికి దుర్భిణి, చెంప ఆనించే చెక్క బిగించారు. గొప్పతనమంతా ఆ ఏరడంలో ఉంది. ఆకారం చూసి చేయిస్తే గురి రాదు, కేసు మాత్రం వస్తుంది.

చెక్కతో బొమ్మ చేసి గోడకు తగిలించుకో, కాదనను. కానీ పేలే తుపాకీని లైసెన్సు లేకుండా చేసినా, బొమ్మను పేలేటట్లు మార్చినా 1959 ఆయుధాల చట్టం ఒప్పుకోదు. 2019 సవరణ తరువాత దీనికి శిక్ష ఏడేళ్లకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చు. లేతు పట్టినవాడూ, చేయించినవాడూ ఇద్దరూ చిక్కుతారు. మన సీమలో పోలీసువారు ఇలాంటివాటిని తేలిగ్గా తీసుకోరని వేరే చెప్పాలా? బుడ్డచేలల్లో అడవి పందుల బాధ ఉన్న రైతుకు మందుగుండు కూరే తుపాకీకి వేరే లైసెన్సు ఉంది. అర్జీ పెట్టుకోవాలి, అంతే.

మన వయసువారికి ముఖ్యమైనది ఇంకొకటి. లైసెన్సుదారు కాలం చేస్తే "నాయన గుర్తు" అని తుపాకీని బీరువాలో దాచకూడదు. వారసులు ఆలస్యం చేయకుండా పోలీసుస్టేషనులోగానీ, లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. కావాలనుకుంటే తమ పేర అర్జీ పెట్టుకోవచ్చు. 2019 సవరణతో ఒకరికి మూడు కాదు, రెండే. వారసత్వపు తుపాకీ కూడా ఆ లెక్కలోదే.

ఆ రసీదును పెన్షను పుస్తకం ఉన్న సంచిలోనే పెట్టండి. ఇంట్లోవాళ్లు ముందుగా వెతికేది అక్కడే గదా.