పైకెక్కే ముందు కింద వల

(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము సంఘానికి వస్తే ఏమి చూస్తామో మీకు తెలియనిది కాదు. పాల సేకరణ రిజిస్టరు, వెన్నశాతం పట్టిక, నగదు నిల్వ, దాణా స్టాకు, మినిట్సు పుస్తకం. తలవంచి కాగితాలు చూడటమే మా ఉద్యోగం. తలెత్తి కప్పు వైపు చూసే అలవాటు మాకు లేదు. అందువల్ల జరిగిన ఒక సంగతిని ముందుగా మనవి చేస్తాము.

కొన్నేళ్ళ క్రిందట ఒక పాల శీతలీకరణ కేంద్రంలో రేకుల కప్పుకు మరమ్మతు జరుగుతున్నది. మేము పక్క గదిలో లెక్కలు తనిఖీ చేస్తున్నాము. పైన పనిచేస్తున్న కూలీ ఒక సభ్యురాలి కుమారుడే. పాత సిమెంటు రేకు మీద కాలు మోపగానే రేకు విరిగి, సుమారు ఐదు మీటర్ల కిందనున్న గచ్చు మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము పోయింది. ఈనాటికీ ఆ ఇంట పాలు పితికి కేంద్రానికి తెచ్చేది అతని తల్లే. ఆ మరమ్మతు వోచర్లన్నీ మేము చూసి సరిపెట్టినవే. పనివాని కింద ఏమి కట్టారని మాత్రం అడగలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉన్నది.

ఇక లెక్క చూద్దాం. ఐదు మీటర్లు పడటానికి ఒక్క సెకను చాలు. నేల తాకేసరికి వేగం గంటకు 36 కిలోమీటర్లు. 60 కిలోల మనిషి గచ్చు మీద ఐదు సెంటీమీటర్లలో ఆగిపోతే, ఒంటి మీద పడే సగటు బలం అతని బరువుకు 100 రెట్లు, అంటే 6 టన్నులు. అదే మనిషి వలలో పడి, వల ఒక మీటరు కిందికి సాగి ఆగితే ఆ బలం 6 రెట్లే. వల చేసే మేలంతా ఈ ఒక్క మీటరులోనే ఉన్నది.

ఇది కొత్త విద్య కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వద్ద గోల్డెన్ గేట్ వంతెన పని 1933లో మొదలైంది. పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం పోవడం సహజమని ఆ రోజుల్లో అనుకునేవారు. ఈ వంతెన ఖర్చు 3 కోట్ల 50 లక్షల డాలర్లు. చీఫ్ ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కకు తల ఊపలేదు. 1936లో 1,30,000 డాలర్ల ఖర్చుతో వంతెన పొడవునా కింద వల కట్టించారు. పడినవారిలో 19 మంది ఆ వలలో బతికారు. ‘నరకానికి సగం దారి వెళ్ళినవారి సంఘం’ అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. సభ్యత్వ రుసుము లేని సంఘం అది!

అయితే 1937 ఫిబ్రవరి 17న అక్కడే మరొక పాఠం దొరికింది. 12 మంది నిలిచిన పరంజా ఊడి వల మీద పడింది. మనుషుల కోసం కట్టిన వల ఆ బరువును ఆపలేక చిరిగింది. పదిమంది మరణించారు. వల ఎంత మోయగలదో అంతకే నమ్మాలి.

వలలు రెండు రకాలుగా కడతారు. పడినవానిని పట్టడానికి కట్టే వల కొంచెం వదులుగా ఉంటుంది. రెండవది గట్టిగా బిగించి కట్టే వల. పనివారు దాని మీదనే నడిచి, కూర్చుని రంగు వేస్తారు, బోల్టులు బిగిస్తారు. నేల నుండి పరంజా లేపడానికి వీలులేని వంతెనల కింద, సముద్రంలోని చమురు కట్టడాల కింద ఇది ఉపయోగం. మన నులక మంచం చూడండి. నులక వదులైతే మనిషి గుంటలోకి జారతాడు, బిగిస్తే దాని మీద నిలబడవచ్చు. కాని బట్టలారవేసే తీగను తిన్నగా లాగి కట్టి మధ్యలో తడి దుప్పటి వేయండి, మేకు ఊడి వస్తుంది. బిగువు పెరిగేకొద్దీ కొసల మీద లాగుడు బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. కాబట్టి వల బలం తాడులో ఎంతో, కట్టిన దూలంలో అంత. నీటి పైపుకు, రేకుల కింది పట్టీలకు కట్టరాదు. ఎక్కడ కట్టాలో ఇంజనీరు నిర్ణయించాలి.

మరికొన్ని జాగ్రత్తలు. పని జరిగే చోటికి వీలైనంత దగ్గరగా వల ఉండాలి. వల సాగే మేర కింద పాలట్యాంకులు, పైపులు ఉండరాదు. విరిగిన రేకుముక్కలు, పనిముట్లు పడితే వెంటనే తీసివేయాలి. వెల్డింగు నిప్పురవ్వలు, ఎండ తాడును తినివేస్తాయి. మన ప్లాంట్లలో కడగడానికి నైట్రిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా రెండూ వాడతాం. నైలాను తాడుకు ఆమ్లం పడదు, పాలియెస్టరు తాడుకు ఘాటైన కాస్టిక్ పడదు. కనుక రోజూ పనికి ముందు వల చూడాలి. చేపల వల, పందిరి వల తెచ్చి కట్టడం ప్రాణంతో పరాచికమే. పారిశ్రామిక రక్షణ వలలకు ఐ.ఎస్. 11057 అనే భారత ప్రమాణం ఉన్నది. బిగించిన వల మీద పనిచేసేవాడు కూడా నడుముకు, భుజాలకు రక్షణ పట్టీ కట్టుకోవాలి.

ఎత్తున పనిచేసేవాడు పడకుండా ఏర్పాటు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షనులోనే చెప్పారు. చట్టం తెలియక కాదు మనం వల కట్టనిది. తక్కువ టెండరు చూసి సంతోషిస్తాం. ఆ తక్కువ ఎక్కడ తగ్గిందో చూడము. అందుచేత మా మనవి ఒక్కటే. కప్పు మరమ్మతు ఎస్టిమేటులో ‘వల, కట్టుబడి’ అని వేరే పద్దు రాయించండి. ఆ పద్దు లేని టెండరు తీసుకోరాదని, వల కట్టినట్లు కార్యదర్శి సంతకం చేసిన తరువాతే పని మొదలు పెట్టాలని పాలకవర్గంలో తీర్మానం చేయండి.

మన అమ్మలు పాలకుండ పగలకూడదని దూలానికి ఉట్టి కట్టారు. ఆ పాలు తెచ్చే ఇంటి బిడ్డకు ఆపాటి ఉట్టి కట్టలేమా? ఇకమీదట మేము తనిఖీకి వచ్చినప్పుడు వోచరు కన్నా ముందు తలెత్తి చూస్తాము. మీరూ చూడండి.

సెలవు.